ఉన్నది యొక్క పూట: ఏ సంగీతనాటకమును చూడవలెను?



నాటకమనిన ప్రీతి లేని యిల్లు మన తెలుగునాట లేదు. పద్యమును రాగయుక్తముగ పాడిన నటుని "వన్సుమోర్" అని కేకలు వేసి మరల మరల పాడించుకొనిన వారి మనుమరాండ్రము మనము. 1885వ సంవత్సరమున కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభి కుటుంబముల వారు, స్త్రీ పాత్రములను స్త్రీలే ధరించు ఆచారమును నెలకొల్పి, రంగస్థలమునే యిల్లుగ జేసికొని, తరతరములుగ నేటికిని ఆడుచునే యున్నారు. కావున పాటయు మాటయు ఆటయు కలిసిన నాటకము మనకు క్రొత్త గాదు. క్రొత్త సంగతి యేమనగా, నేడు మన తల్లులును అత్తలును కుమార్తెల కాన్పులకని, కుమారుల యిండ్లు చూతమని సముద్రములు దాటి పోవుచున్నారు. అచ్చటి మహానగరములందు ఏండ్ల తరబడి ఆడబడుచున్న గొప్ప సంగీతనాటకములు వారి కంట బడుచున్నవి.

ఈ మాసమున మాకు వచ్చిన ప్రశ్న అట్టి దాని గుఱించియే. లండను నగరమున కుమార్తె యింట నున్న సోదరి యొకరు ఇట్లు వ్రాయుచున్నారు. ఆమె తిరుగు ప్రయాణమునకు ముందు అందఱును ఒకపూట నాటకమునకు పోవలెనని యింటివారు తలచిరట. కుమార్తె యొక నాటకమును, అల్లుడు వేఱొక దానిని, ఏడేండ్ల మనుమరాలు మఱియొక దానిని కోరుచున్నారట. ఆమె మాత్రము, "నాకు ఇంగ్లీషు రాదు, నా టిక్కెట్టు వృథా. చంటివానిని చూచుకొనుచు నేను ఇంట నుండెదను, మీరు పోయి రండని చెప్పిన బాగుండునా?" అని మమ్ము అడుగుచున్నారు.

బాగుండదని మా యుత్తరము. అడుగకయే తన వంతును వదలుకొనుట మన యిండ్లలో స్త్రీలకు చిన్ననాటి నుండి అలవడిన గుణము. దానిని అందఱును మెచ్చుకొందురు గాని, అందు వలన ఇంటివారి కొక నష్టము గలదు. అమ్మకేది యిష్టమో పిల్లలకు ఎన్నటికిని తెలియదు. నెలల తరబడి పథ్యము వండి పెట్టి, చంటివానికి నూనె రాచి నీళ్లు పోసిన తల్లి, ఆ నగరమున చూచిన వింత యొక్కటియు లేక మరలి వచ్చుట కుమార్తెకు మాత్రము సంతోషమా? కావున పోవలెనా వద్దా యని గాక, ఏది చూడవలెనని మాత్రమే ఆలోచింతము.

మొదట భాష సంగతి. ఇంగ్లీషు రాని వారికి కన్నులతో కథ తెలియు నాటకము మేలు. అట్టి వానిలో ముందు చెప్పదగినది లైసియం నాటకశాలలో ఆడబడుచున్న "ది లయన్ కింగ్". ఇది న్యూయార్కులో 1997లోను, లండనులో 1999లోను మొదలైనది. రాజైన సింహమును తమ్ముడే కపటముతో చంపించి రాజ్యము కాజేయుట, పసివాడైన యువరాజు అడవుల పాలై పెరిగి మరలి వచ్చి తండ్రి రాజ్యమును నిలుపుకొనుట దీని కథ. దాయాదుల కలహము మనకు ఎవ్వరును బోధింప నక్కఱలేదు గదా! పాటలలో ఆఫ్రికా భాషలు కొన్ని వినబడును. అవి అచ్చటి ఇంగ్లీషు దొరసానులకును తెలియవు. ఇక జంతువులలో పెక్కులు బొమ్మలు. బొమ్మను ఆడించు మనిషి ముఖమును దాచక, బొమ్మయు మనిషియు ఒక్కసారిగ కనబడునట్లు కూర్చినది జూలీ టేమర్ అను స్త్రీ. ఆమె యౌవనమున ఇండొనీషియాలో నుండి బొమ్మలాటల విద్యను పరిశీలించినది. ఆ దేశపు తోలుబొమ్మలు మన తోలుబొమ్మలకు చుట్టములే. సంగీతనాటకమును నడిపించినందుకు అమెరికాలోని టోనీ బహుమానమును పొందిన మొదటి స్త్రీ యామెయే. ఆ సంవత్సరము 1998.

రెండవది అపోలో విక్టోరియా నాటకశాలలో 2006 నుండి ఆడబడుచున్న "విక్‌డ్". మన ఏ.ఆర్. రెహ్మాను సంగీతము కూర్చిన "బాంబే డ్రీమ్స్" 2002 మొదలు 2004 వఱకు ఆడినది ఈ నాటకశాలలోనే. విక్‌డ్ కథలో పచ్చని మేనిచాయతో పుట్టిన యొక పిల్ల గలదు. తండ్రియే ఆమెను చిన్నచూపు చూచును. తోడి విద్యార్థులు నవ్వుదురు. తుదకు లోకము ఆమెను దుష్టురాలని ముద్ర వేయును. అందఱికిని ప్రియమైన తెల్లని పిల్ల యొకతె మొదట ఆమెను ద్వేషించి, పిదప ప్రాణస్నేహితురాలగును. మేనిచాయను బట్టి ఆడపిల్లకు వెల కట్టు మాటలు మన పెండ్లిచూపులలో నేటికిని వినబడుచున్నవి గనుక, ఈ కథ మన వారికి పరాయిదిగ తోపదు. ఇందు సంభాషణ లెక్కువ. అయినను 2024లో వెలువడిన చలనచిత్రము ఈ నాటకమందలి ప్రథమార్ధమే గనుక, దానిని ఇంట ముందుగ చూచి పోయినచో సగము చిక్కు తీఱును.

మూడవది "లే మిజరాబ్ల్". ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన నవల దీనికి మూలము. రొట్టె దొంగిలించి చెఱసాల పాలైన వాని కథ మన పెద్దలకు తెలిసినదే; 1950లో చిత్తూరు నాగయ్య నటించిన "బీదలపాట్లు" చలనచిత్రము ఈ కథయే. లండనులో 1985లో మొదలైనపుడు పత్రికల విమర్శకులు పలువురు దీనిని ఈసడించిరి. ప్రజలు మాత్రము టిక్కెట్లకై ఎగబడిరి; నేటికిని ఎగబడుచునే యున్నారు. ఇందు మాట యన్నది లేదనదగును, ఆద్యంతము పాటయే. బిడ్డను పరుల యింట విడిచి, ఆ బిడ్డ పోషణకై తన జుట్టును అమ్ముకొను తల్లి పాత్రము ఏ భాష వారిచేతనైనను కంట తడి పెట్టించును. అయితే మృత్యువులు, తుపాకులు, దైన్యము మెండు. మూడు గంటలకు కొంచెము తక్కువగ సాగును. ఏడేండ్ల పిల్లకు తగినది కాదు. పెద్దవారు మాత్రమే పోవునపుడు దీనిని మించినది లేదు.

"ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా" 1986లో లండనున మొదలైనది. న్యూయార్కులో 1988 నుండి 13,981 మారులు ఆడి 2023 ఏప్రిలు 16న ముగిసినది గాని, లండనులో నిలిచియే యున్నది. ముసుగు ధరించి నేలమాళిగలో దాగిన సంగీతజ్ఞుడొకడు ఒక గాయనిని ప్రేమించుట దీని కథ. తలపై నుండి దిగి వచ్చు పెద్ద దీపవృక్షము, నీటిపై పడవ, కొవ్వొత్తుల కాంతి చూడదగినవి. సురభి వారి మాయాబజారును చూచి ముచ్చటపడిన వారికి ఇది నచ్చును. పసివారు జడియవచ్చును.

ఇక "మమ్మా మియా" 1999 నాటిది. తలపెట్టినవారు, వ్రాసినవారు, నడిపినవారు ముగ్గురును స్త్రీలే. ఒంటరిగ బిడ్డను పెంచిన తల్లియు, పెండ్లికి సిద్ధమైన కూతురును ఇందలి నాయికలు. కూతురు తన తండ్రి ముగ్గురిలో ఎవరో తెలియక ముగ్గురిని పెండ్లికి పిలుచును. తల్లియు కూతురును ఇద్దఱే పోయిన హాయిగ నవ్వుకొందురు. అల్లుని ప్రక్కన కూర్చుండి చూచుటకు కొందఱు అత్తలకు మొగమాటము కలుగవచ్చునని ముందే చెప్పుచున్నాము.

నాటకమును నిర్ణయించిన పిదప ఆసనము సంగతి. ఒకే నాటకమునకు పైయంతస్తున 20, 30 పౌనులకు దొరకు చోటును గలదు. నేలయంతస్తున నడుమ నూఱు పౌనులు దాటు చోటును గలదు. పౌను నూఱు రూపాయలకు పైమాట గనుక, ఆ లెక్క విన్నంతనే తల్లుల గుండె జల్లుమనుట సహజము. అయినను చౌక యని తొందరపడరాదు. ఆ నాటకశాలలు పెక్కులు నూఱేండ్లు దాటినవి. పైయంతస్తులకు మెట్లు నిటారుగ నుండును, లిఫ్టు లేని చోట్లును గలవు; స్తంభము అడ్డు వచ్చు ఆసనములును గలవు. మోకాళ్ల నొప్పులు గల వారికి వెల కొంచెము హెచ్చైనను నేలయంతస్తే మేలు. లయన్ కింగ్ నాటకమున ఆరంభమందు జంతువులు ప్రేక్షకుల నడుమ దారి గుండ రంగమునకు పోవును గనుక, అక్కడ క్రింద కూర్చున్న వారికి వేడుక యధికము.

వారము నడుమ దినములలో వెల సాధారణముగ తక్కువ. లెస్టరు స్క్వేరు నందలి టిక్కెట్ల గుడిసెలో తగ్గింపు ధరకు దొరకుటయు గలదు. దారిలో ఎదురై బేరములాడు వారియొద్ద మాత్రము కొనరాదు. ఆలస్యముగ పోయిన వారిని తగిన విరామము వచ్చు వఱకు లోనికి పంపరు. మన నాటకములకు వలె నిదానముగ పోవుట చెల్లదు.

చంటిబిడ్డల మాట. మూడేండ్లు నిండని వారిని లయన్ కింగ్ నాటకమునకు రానీయరు. తక్కిన వానికిని చంటివారు తగరు. కావున ఎవరో యొకరు ఇంట నుండక తప్పదు. ఆ యొకరు ఎల్లపుడును అమ్మమ్మయే కావలెనని ఏ శాస్త్రమును లేదు. వారమున కొన్ని దినములు మధ్యాహ్నపు ఆట యుండును. ఆ పూట తల్లియు, కూతురును, మనుమరాలును పోవచ్చును; అల్లుడు మూడు నాలుగు గంటలు తన బిడ్డను తానే యెత్తుకొని యుండుట వలన అతని మర్యాదకు వచ్చిన లోటు లేదు. అతడు కోరిన నాటకమునకు వేఱొక రాత్రి భార్యాభర్తలు పోయి రావచ్చును. అపుడు అమ్మమ్మ బిడ్డను సంతోషముగ చూచుకొనును.

ప్రశ్న నడిగిన సోదరికి మా సలహా యిది. మనుమరాలు వెంట వచ్చినచో లయన్ కింగ్. కుమార్తెతో మాత్రమే పోవునెడల విక్‌డ్. పోవుటకు ముందు దినము రాత్రి, కథను తెలుగులో చెప్పుమని మనుమరాలిని అడుగుడు. పరదేశమున పెరుగుచున్న ఆ పిల్ల అమ్మమ్మ కొఱకు తెలుగు మాటలు వెదకికొనును. అది టిక్కెట్టు వెలలో చేరని లాభము. పైమాటలన్నియు విన్న తర్వాత మీ మనసు లే మిజరాబ్ల్ మీదికే పోయినచో, అదియే చూడుడు. అయితే మీ కోరికను మీ నోటితో ఒక్కమారు చెప్పుడు. "మీ యిష్టమే నా యిష్టము" అను మాటను ఆ యొక్క పూటకు ఇంటనే విడిచి పొండు.

టిక్కెట్టు కొనుటకు ముందు ఆ దినమున ఏ నాటకము ఎన్ని గంటలకో నాటకశాల వారినే అడిగి తెలిసికొనుట మఱువకుడు. శాలువ యొకటి వెంట నుంచుకొనుడు. లోపల చలిగ నుండవచ్చును.