తెలుసుకొందము: గంజి పాకము, రక్త పరీక్ష

గంజి పలుచనైతే బట్ట నిలువదు, చిక్కనైతే అట్ట కట్టును. ఈ సంగతి మన ఇల్లాండ్రకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ నెల మేము చెప్పబోవు శాస్త్ర విషయము కూడ ఈ పాకము మీదనే ఆధారపడి ఉన్నది.

మన రక్తములో ఎన్నో రకముల మాంసకృత్తులు, అనగా ప్రొటీనులు, కలిసి ఉండును. వాటిని విద్యుత్తుతో విడదీయు మార్గమును స్వీడన్ శాస్త్రజ్ఞుడు టిసేలియస్ 1937లో ప్రకటించి, 1948లో నోబెల్ బహుమానమును పొందినాడు. ఒక్కొక్క ప్రొటీనుకు ఒక్కొక్క పాటి విద్యుదావేశము ఉండును గనుక, కరెంటు పెట్టగానే అవి వేర్వేరు వేగములతో నడచును. తరువాత వడపోత కాగితము మీద కూడ నడిపించిరి గాని, రక్తపు సీరము అందులో ఐదు పట్టీలుగానే విడివడెడిది.

అప్పుడు కెనడాలోని టొరాంటోలో పనిచేయుచున్న ఆలివర్ స్మితీస్‌కు తన తల్లి చొక్కాలకు గంజి పెట్టుట జ్ఞాపకము వచ్చినది. చల్లారిన గంజి గడ్డకట్టును గదా! ఆయన ఉర్లగడ్డ పిండితో అట్టి గడ్డ చేసి సీరమును నడిపింపగా, ఐదింటికి బదులు మరెన్నో పట్టీలు కనబడినవి. 1955లో దానిని ప్రకటించినాడు. గడ్డలోని సన్నని రంధ్రములు జల్లెడవలె పనిచేసి, చిన్న ప్రొటీనును ముందుకు వదలి, పెద్దదానిని నిలువరించును.

నేడు గంజికి బదులు పాలీఅక్రిలమైడు అను గడ్డను ఎక్కువగా వాడుదురు. పాకము మాత్రము కుదరవలసినదే. పెద్ద ప్రొటీనులకు నూటికి 7, 8 పాళ్ల పలుచని గడ్డ, చిన్నవాటికి 12 మొదలు 15 పాళ్ల చిక్కని గడ్డ కావలెను. కరెంటు ఎక్కువైతే గడ్డ వేడెక్కి పట్టీలు వంకరపోవును. మరీ తక్కువైతే కాలము పట్టి పట్టీలు అలుకుకొనిపోవును. నమూనా మితిమీరి పోసినచో ఒక పట్టీ మరొకదానిలో కలియును. ఎస్.డి.ఎస్. అను సబ్బువంటి పదార్థము చేర్చినచో ప్రొటీనులు పరిమాణమునుబట్టి చక్కగా విడిపోవును గాని, ఎంజైముల పని సాధారణముగా చెడును. పనిచేయు స్థితిలోనే కావలసినచో ఎస్.డి.ఎస్. లేకుండ చల్లని చోట నడిపి, ఆ పట్టీని కోసి, అందులోని ప్రొటీనును మరల విద్యుత్తుతోనే బయటికి లాగుదురు.

ఇదంతా మనకెందుకందురా? కొడవలి కణముల వ్యాధిలో హిమోగ్లోబిను విద్యుత్తులో వేరుగా నడచునని 1949లో పాలింగ్ బృందము చూపినది. ఆ లక్షణము నీలగిరి గిరిజనులలో కలదని 1952లో తేలినది. ఒడిశాలోను, విదర్భలోను, ఆంధ్ర ఏజెన్సీలోను కూడ కలదు. మన కుటుంబములు ఉన్న రాష్ట్రములే గదా ఇవి!

ఇక్కడ ఒక చిక్కున్నది. క్షారగుణము గల గడ్డలో, అనగా పి.హెచ్. 8.6 దగ్గర, కొడవలి రకమైన 'ఎస్' హిమోగ్లోబిను, పంజాబు ప్రాంతములో ఎక్కువగా కనబడు 'డి' రకము ఒకే చోటికి చేరును. 'డి' ఒక్కటే ఉన్నవారికి సాధారణముగా బాధ లేదు. పి.హెచ్. 6 దగ్గర ఆమ్లగుణము గల అగరు గడ్డలో నడిపినచో 'ఎస్' విడిగా నిలుచును, 'డి' మామూలు హిమోగ్లోబినుతో పోవును. తలిదండ్రులిద్దరికి 'ఎస్' లక్షణమున్నచో, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. కనుక ఒక్క పట్టీని చూచి తీర్పు చెప్పరాదు.

మా గుమాస్తాల బల్ల మీదికి ఒకే పేరుగల ఇద్దరి అర్జీలు వచ్చినచో, తండ్రి పేరు కూడ చూచి విడదీయుదుము. రక్త పరీక్షకు కూడ ఇదే న్యాయము. పిల్లల పెండ్లి మాటలకు ముందు ఇట్టి పరీక్ష చీటీ చేతికి వచ్చినచో, రెండవ పద్ధతిలో సరిచూచినారా అని డాక్టరుగారిని అడుగుటకు మనము సంకోచింపవలదు.