పదిహేను మందితో అడవికా?

పల్సానా చుట్టుపక్కల డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల్లో, సూరత్ మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుర్రాళ్లు రెండు రోజుల టూర్ అనుకోగానే ముందు మందిని పోగుచేస్తారు. ఎనిమిది మంది పన్నెండవుతారు, పన్నెండు పదిహేనవుతారు. పెద్ద బండి మాట్లాడి, తలా ఇంతని తేలుస్తారు. మంది పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతుందన్న నమ్మకమే దీనికంతటికీ పునాది. పెళ్లి బస్సుకైతే ఆ లెక్క సరిపోతుంది. కొండల మధ్య ఉన్న జాతీయ పార్కుకు సరిపోదు.

తలలు పెరిగితే తగ్గేది బండి వాటా ఒక్కటే. తిండి, పడక, ప్రవేశ రుసుము తలతో పాటే పెరుగుతాయి. బయల్దేరే ముందు రాత్రి ఇద్దరు రామంటే వాళ్ల బాడుగా మిగిలినవాళ్లే మోయాలి. ఇక శనివారం సాయంత్రం కొండ మీది విడిది ఊరు సాపుతారా చేరి పదిహేను మందికి గదులు వెతకడం మొదలుపెట్టాక చవక అన్న మాటే మిగలదు.

అసలు బండే అక్కర్లేదు. నవసారిలోనో సూరత్‌లోనో లోకల్ ఎక్కితే బిలిమోరా. అక్కడి నుంచి వఘాయి దాకా 63 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం ఉంది. గాయక్వాడ్‌ల బరోడా సంస్థానం వేయించిన ఈ మార్గం 1913లో మొదలైంది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 2020లో ఆగిపోయిన బండి 2021లో మళ్లీ కదిలింది. ఉనాయి వేడినీటి బుగ్గల ఊరు మీదుగా, పొలాలు దాటి, టేకు చెట్ల నీడలోకి తాపీగా వెళ్తుంది. వేళలు ముందే కనుక్కోవాలి, నిజమే. పదిహేను మందిని ఒక వేళకు ఒకచోట చేర్చడం కంటే అదే తేలిక.

వఘాయికి ఆనుకునే వాంస్దా జాతీయ పార్కు. పల్సానాకు వంద కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు వాంస్దా రాజుల సొంత అడవి. 1979లో జాతీయ పార్కు అయింది. 1952 నుంచి ఇక్కడ చెట్లు నరకలేదంటారు. విస్తీర్ణం సుమారు 24 చదరపు కిలోమీటర్లే. ఇంత చిన్న అడవిలో ఒక గుంపు పాటల పెట్టెతో దిగితే ఆ పూటకు అడవి మొత్తం చెదిరిపోతుంది.

"పులి లేని అడవిలో చూడ్డానికేముంది?" అన్నది ఈ గుంపుల్లో వినిపించే మరో మాట. పులులు ఇక్కడ కనుమరుగై దశాబ్దాలైంది. చిరుతలున్నాయి. ప్రపంచంలోని అతి చిన్న అడవి పిల్లుల్లో ఒకటైన తుప్పుమచ్చల పిల్లి ఉంది. అన్నిటికంటే, మగ్గం మీద బతికేవాళ్లు తప్పక చూడాల్సిన జీవి ఒకటుంది: జెయింట్ వుడ్ స్పైడర్. చెట్టుకూ చెట్టుకూ మధ్య బంగారు ఛాయ పోగుతో పెద్ద వల అల్లుతుంది. ఆ వలలో ఆడది అరచేయంత కనిపిస్తుంది, మగది వేలిగోరంత కూడా ఉండదు. నల్గొండ, వరంగల్, కరీంనగర్‌ల నుంచి తరాల కింద సూరత్‌కొచ్చిన పద్మశాలీల పిల్లలకు ఆ పోగు బిగువు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నలుగురు వరసగా నడిస్తే ముందున్నవాడు చూసి ఆగుతాడు. పదిహేను మంది తోసుకుంటూ వెళ్తే వల ఎవరి మొహానికి తగిలిందో కూడా తెలియదు.

ఊరికి దూరంగా, ఇరుకు గదుల్లో, షిఫ్టుల మధ్య బతికేవాళ్లకు అందరూ కలిసి ఒక్కరోజైనా గడపాలని ఉంటుంది. న్యాయమైన కోరిక. దానికి డుమస్ సముద్రతీరం ఉంది. అక్కడ పాటలు పెట్టుకున్నా, గంతులేసినా కలతపడే జింక ఉండదు. ఆ సరదాను తెచ్చి అడవి మీద రుద్దడమే తప్పు.

నలుగురైతే చాలు. అటవీ శాఖకు కిలాద్‌లో అంబికా నది పక్కన విడిది ఉంది. ముందుగా అడిగి చోటు ఖాయం చేసుకోవచ్చు. వఘాయిలో 24 హెక్టార్ల వృక్షోద్యానం ఉంది, దగ్గర్లోనే గిరా జలపాతం. వాన వెలిసిన కొత్తలో జలపాతం నిండుగా ఉంటుంది, వలలూ బాగా కనిపిస్తాయి. దారిలో ఆకలైతే డాంగ్ జిల్లా ఆదివాసీల నాగలీ రొట్టె, మినప్పప్పు అడగాలి. నాగలీ అంటే మరేదో కాదు, తెలంగాణ ఇళ్లలో అమ్మమ్మలు చేసిన తైద రొట్టె పిండే.