తీరిక వేళ: బల్లమీద సముద్రం

మన బెంగుళూరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఇక్కడే పుట్టి పెరిగిన నావంటివారికి సముద్రమంటే సెలవులలో చూసివచ్చేదే. అందుచేతనే కాబోలు, నేను చేసిన మొదటి సముద్రం తప్పయింది.

మా అమ్మది విశాఖపట్నం. 1948 మార్చి 14న అక్కడి సింధియా షిప్‌యార్డులో నెహ్రూగారు "జల ఉష" అనే 8,000 టన్నుల ఓడను నీటిలోకి దింపిన సంగతి మా తాతగారు కథలుగా చెప్పేవారట. అమ్మకిప్పుడు రైలు ప్రయాణం చేసే ఓపిక లేదు. ఆవిడ కోసం ఆఫీసునుంచి వచ్చాక ఆ ఓడ నమూనా చెక్కతో చేశాను, అసలులో 200వ వంతు. క్రింద సముద్రం కూడా పెట్టి చూపించాను.

"ఏరా, ఇంత తుఫానులో ఓడను ఎవరు పంపార్రా?" అన్నది.

లెక్క వేస్తే ఆవిడ మాటే నిజం. నా అలలు మూడు సెంటీమీటర్లు. 200తో హెచ్చవేస్తే ఆరు మీటర్లు! రెండు మీటర్ల మామూలు అల మన బల్లమీద ఒక్క సెంటీమీటరే. అల పెద్దదైతే ఓడ బొమ్మయిపోతుంది.

అంతా పీకి మళ్ళీ చేశాను. ఆ పద్ధతి ఇది. ప్లైవుడ్ పలకమీద థర్మకోల్ అతికించి, ఓడ నీటిగీత వరకు దిగేటట్లు గుంట తీయాలి. సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో పలుచని టిష్యూ కాగితం పొరలు పొరలుగా పరచి, తడిగా ఉండగానే కుంచెతో చిన్న చిన్న మడతలు చేయాలి. గాలి ఒక్క వైపునుంచే వీస్తుంది గనుక అలలన్నీ ఒకే వాలుగా ఉండాలి. థర్మకోల్ ఎక్కడా బయటపడరాదు. థిన్నరున్న రంగు తగిలితే కరిగిపోతుంది. రెండు రోజులు ఆరనిచ్చి, పల్లాలకు ముదురు నీలి ఆకుపచ్చ, శిఖరాలకు లేతరంగు వేయాలి. పైన నీటితో కలిసే వార్నిష్ మూడు పూతలు వేస్తే తడి మెరుపు వస్తుంది.

నురగకు దూది పీచులు చాలు. కాని కోణం ముఖ్యం. లోతైన నీటిలో ఓడ వెనుక విచ్చుకునే అలల గుర్తు సుమారు 39 డిగ్రీలని కెల్విన్ దొర 1887లో లెక్కగట్టాడు. ఓడకైనా బాతుకైనా దాదాపు అంతే. అనుమానముంటే హలసూరు చెరువు గట్టున నిలబడి చూడండి. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసుకుని అటూ ఇటూ పందొమ్మిదిన్నర చొప్పున గీసుకున్నాను.

రెండవసారి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇప్పుడు ఓడ పెద్దదైందిరా" అన్నది. ఓడను నేను ముట్టుకోనేలేదు!

వేసవి సెలవులలో పిల్లలతో కలిసి ప్రయత్నించండి. మొదలుపెట్టేముందు ఇంట్లో సముద్రం ప్రక్కన పెరిగిన పెద్దలుంటే ఒక్కమాట అడగండి. నా మొదటి వారం పని దండుగైనది ఆ ఒక్కమాట అడగకనే.