బరువులోనే ఉంది కిటుకు

ఆడవేషానికి ఇంట్లోనే ఎద కుట్టుకునేవాళ్లు ముందు ఆకారం గురించే దిగులుపడతారు. అక్కడే పొరపాటు. దూది కుక్కితే ఆకారమైతే వస్తుంది కానీ, మెట్లు దిగేటప్పుడు అది కదలదు. జాకెట్టు లోపల కొయ్యబొమ్మలా బిగుసుకుపోతుంది. అదే పాత నైలాన్ సాక్సులో కొర్రలు పోసి ముడేస్తే ఖర్చు రెండొందలు దాటదు. గింజలు జారతాయి, బరువు కిందికి దిగుతుంది, దాన్ని మోయడానికి భుజాలు వాటంతటవే వెనక్కి సర్దుకుంటాయి. నడక మారేది అప్పుడే. వేలు పోసి కొనే సిలికాన్ గొప్పదనంలోనూ సగం ఈ బరువుదే. సత్యభామగా ఆంధ్ర రంగస్థలాన్ని ఏలి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావును జనం గుర్తుపెట్టుకున్నదీ నడకతో, హొయలతోనే.

ఒక్కటే చిక్కు: చెమట తగిలితే కొర్రలు ముక్కిపోతాయి. వేసవిలో తరచూ మార్చుకోవాల్సిందే.