మంట ఎక్కడుంటే గంట మోగుతుంది?

మే నెలలో నూజివీడు చుట్టుపక్కల ఏ తోటలోకి వెళ్లినా కోతలు, బుట్టలు, నున్న మార్కెట్ ధర గురించిన గొడవే. చిన్న రసాలు మగ్గేసిన పాకలోకి పొద్దున్నే వెళ్లే పెద్దాయన మాత్రం ఏమీ మాట్లాడడు. ముందు వాసన పడతాడు. తర్వాత వరిగడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు. కుప్పంతా ఒకేలా వెచ్చగా ఉంటే కాయ సమంగా మగ్గుతున్నట్టు. ఒక్క చోటే వేడి ఎక్కువ తగిలితే అక్కడేదో కాయ చెడినట్టు. గడ్డి తీసి చూడకుండానే ఈ రెండు వేడుల తేడా ఆ చేతికి తెలుస్తుంది.

ఆ తోటలకు గంటలోపు దారిలోనే గన్నవరం విమానాశ్రయం. అక్కడి నుంచి లేచే జెట్ విమానాల ఇంజిన్ల చుట్టూ కూడా అలాంటి చెయ్యే ఒకటి ఉంటుంది. ఇంజిన్‌లో నిప్పంటుకుంటే పట్టుకునేది పొగ పసిగట్టే యంత్రమో, కెమెరానో అని చాలామంది అనుకుంటారు. నిజానికి అదొక సన్నటి స్టీలు గొట్టం, లావు సైకిల్ స్పోకు మించదు. ఎక్కువగా వాడే ఒక రకంలో లోపల హీలియం వాయువు, దాని మధ్య హైడ్రోజన్‌ను పట్టి ఉంచిన టైటానియం తీగ ఉంటాయి. గొట్టం పొడవునా వేడి పెరిగితే హీలియం పీడనం పెరిగి చివరనున్న స్విచ్ పడుతుంది. ఒకే చోట నిప్పు తగిలితే అక్కడి తీగ దాచుకున్న హైడ్రోజన్‌ను వదిలేస్తుంది, పీడనం పెరిగి అదే స్విచ్ పడుతుంది. గొట్టం తెగితే వాయువు బయటికి పోయి, ఇంకో స్విచ్ ‘నేను చెడిపోయాను’ అని చెబుతుంది. సుమారు 1,100 డిగ్రీల మంటలో పెడితే 5 సెకన్లలోపు కబురు అందించాలన్నది ఇలాంటి పరికరాలకు పెట్టే పరీక్ష.

అయితే ఈ గొట్టం చూసేది ఇంజిన్ లోపలి మంటను కాదు. అక్కడ మంట ఎలాగూ ఉంటుంది, దాని బలంతోనే విమానం ఎగురుతుంది. ఉండాల్సిన పాత్రలో ఉన్నంతసేపు అది పొయ్యిలో నిప్పు లాంటిది. పాత్ర దాటి, ఇంజిన్‌కూ దాని పైతొడుగుకూ మధ్యనున్న ఖాళీలోకి, ఇంధనం గొట్టాలూ నూనె గొట్టాలూ పాకే చోటికి వచ్చిందా, అదే ఇల్లు కాల్చే నిప్పు. గొట్టాన్ని బిగించేది ఆ ఖాళీలోనే. ఎయిర్‌బస్ ఏ320లో ముందు ఫ్యాన్ భాగంలో, ఇంజిన్ నడుము చుట్టూ, ఇంజిన్‌ను రెక్కకు వేలాడదీసే పైలాన్‌లో, మొత్తం మూడు చోట్ల పెడతారు. ఇంజిన్ వెనక నుంచి మంట నాలుకలు చాచినా దానికి పట్టదు, పట్టించుకోవడం దాని పనీ కాదు.

టీవీల్లో మనం చూసి గుండెలు బాదుకునే మంటల్లో చాలావరకు ఇలా వెనక నుంచి ఎగసేవే. 2024 జూన్ 20న అర్ధరాత్రి దాటాక శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ బయలుదేరిన మలేసియా ఎయిర్‌లైన్స్ విమానం కుడి ఇంజిన్ నుంచి నిప్పులు ఎగజిమ్మాయి. ప్రయాణికులు ఫోన్లలో తీసిన దృశ్యాలు తెల్లారేసరికి ప్రతి తెలుగు ఛానల్‌లో తిరిగాయి. విమానం క్షేమంగా వెనక్కి వచ్చి దిగింది. ఇంజిన్‌లో గాలి నడక తప్పినప్పుడు కాలని ఇంధనం వెనక బయటపడి భగ్గుమంటుంది. చూడటానికి భయంకరం, తొడుగు కింద రాజుకునే మంటతో పోలిస్తే ప్రమాదం తక్కువ. 2022 జూన్ 19న పట్నాలో పక్షి తగిలిన స్పైస్‌జెట్ విమానం మంట కింద ఉన్నవాళ్లకు కనబడింది. 2024 మే 18న బెంగళూరు నుంచి కొచ్చి బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కుడి ఇంజిన్ దగ్గర మంటను నేల మీది సిబ్బంది కూడా చూశారు. విమానం వెనక్కి దిగాక 179 మంది ప్రయాణికుల్నీ దించేశారు.

దీనికి ఎదురు, గంటే ముందు పలికిన కథ కూడా ఉంది. 2025 ఆగస్టు 31న ఢిల్లీ నుంచి ఇండోర్ వెళ్లే ఎయిర్ ఇండియా ఏ320 లేచిన కాసేపటికే కుడి ఇంజిన్‌లో నిప్పని కాక్‌పిట్‌లో హెచ్చరిక వచ్చింది. పైలట్లు ఆ ఇంజిన్ ఆపేసి, రెండోదానితో వెనక్కి వచ్చి దిగారు. వాళ్లు చేయాల్సింది అదే. గంట మోగాక ‘నిజమా, అబద్ధమా’ అని తర్కించే హక్కు పైలట్‌కు లేదు. పవర్ తగ్గించాలి, ఇంధనం ఆపాలి, ఎర్ర బటన్ నొక్కాలి. పది సెకన్లు ఆగి మంటలార్పే మొదటి హాలన్ సీసా వదలాలి, ముప్పై సెకన్లకూ హెచ్చరిక దీపం ఆరకపోతే రెండోది. మూడో సీసా లేదు.

అందుకే ఈ రంగంలో దశాబ్దాలుగా అసలు తలనొప్పి ఉత్తుత్తి గంట. నిప్పు పసిగట్టే పాత రకం తీగల్లో వేడెక్కితే విద్యుత్ నిరోధం పడిపోతుంది. తడి చేరినా, క్లిప్పు వదులై తీగ లోహానికి రాసుకుని అరిగినా అదే నిరోధం పడిపోతుంది. నిప్పుకూ నీళ్లకూ తేడా తెలియని కాపలాదారు అన్నమాట. ఉత్తుత్తిది కాకపోయినా నిప్పు కానిది ఇంకొకటుంది: ఇంజిన్ నుంచి వేడి గాలి తెచ్చే గొట్టం చీలి, ఆ గాలి తీగ మీద కొట్టడం. ఉత్త గంటకు మంచి ఇంజిన్ ఆపేయడం చిన్న విషయం కాదు. ఆ క్షణం నుంచి విమానం ఒంటి ఇంజిన్ మీద ఉంటుంది.

దీనికి దొరికిన మందు ఇద్దరు సాక్షుల్ని పెట్టడం. ఒకే చోట రెండు తీగలు పక్కపక్కన నడుస్తాయి, రెండూ ‘నిప్పు’ అంటేనే గంట. ఒకటి చెడిపోయిందని తేలితే మిగిలినదాని మాటే చెల్లుతుంది. నాకు బాగా నచ్చింది ఏ320 తర్కంలోని ఇంకో చిన్న నియమం. రెండు తీగలూ 5 సెకన్ల తేడాలో తెగిపోతే దాన్ని చెడిపోవడం కింద రాసుకోరు, నిప్పు కిందే లెక్క. ఇద్దరు సాక్షులూ ఒకేసారి మూగబోయారంటే ఎవరో గొంతు నొక్కారనే కదా! ఏ ఇంజినీర్‌కు తట్టిందో గానీ, ఊరి పంచాయతీల్లో కూర్చున్న మనిషి ఆలోచనలా ఉంది.

ఇంత చేసినా తీగ తనున్న చోటు మాటే చెబుతుంది. పైలట్‌కు తన ఇంజిన్ కనబడదు. ఈ గుడ్డితనానికి ఎంత ధర పడుతుందో బ్రిటన్ రెండుసార్లు చూసింది. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో పరుగు తీస్తున్న బోయింగ్ 737 ఇంజిన్‌లో పెద్ద చప్పుడైతే టైరు పేలిందనుకున్నారు. నిప్పు గంట ఆ తర్వాత మోగింది. విమానం పక్కకు తిరిగి ఆగిన తీరుకు గాలి మంటను మనుషులున్న వైపే తోసింది. 137 మందిలో 55 మంది పోయారు. 1989 జనవరి 8న కెగ్‌వర్త్ దగ్గర ఎడమ ఇంజిన్ చెడితే పైలట్లు కుడిదాన్ని ఆపేశారు. కుడి ఇంజిన్‌లో ఇబ్బంది అని కెప్టెన్ మైకులో చెబుతుంటే, ఎడమ కిటికీల్లోంచి నిప్పురవ్వలు చూసిన ప్రయాణికులు విన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. 47 మంది చనిపోయారు. విమానం బయటి దృశ్యం పైలట్‌కు కనబడే ఏర్పాటు మీద పరిశోధన చేయాలని ఆ రెండు దర్యాప్తులూ కోరాయి.

నలభై ఏళ్లు కావస్తోంది. ఎయిర్‌బస్ ఏ380 లాంటి పెద్ద విమానాలకు తోక మీద కెమెరా వచ్చింది. గన్నవరం, రేణిగుంట, విశాఖల్లో మనం రోజూ ఎక్కే ఏ320, 737లలో మామూలుగా అది లేదు. బెజవాడ బెంజి సర్కిల్‌లో వెనక్కి తిప్పుకునే కారు డ్రైవర్‌కు ఉన్న చూపు, అన్ని వందల కోట్ల విమానం నడిపే కెప్టెన్‌కు లేదు. బరువు, తీగలు, ధ్రువీకరణ ఖర్చు అని కంపెనీలు చెప్పే కారణాలు అబద్ధం కాదు. కానీ పాత విమానానికి తగిలించడం కష్టమన్న మాట కొత్తగా గీస్తున్న విమానానికి వర్తించదు. ఫైబర్ తీగతో ఏ అంగుళంలో ఎంత వేడో చెప్పే పద్ధతుల మీదా పని సాగుతోంది. అవి రావాలి. కాకపోతే ఉన్న తీగనే శుభ్రంగా ఉంచుకోవడం అంతకంటే ముందు పని.

ఆ పనిలో తెలుగు నేలకూ ఇప్పుడు వాటా ఉంది. ఏ320 నియోకూ, 737 మ్యాక్స్‌కూ వాడే లీప్ ఇంజిన్లను విప్పి బాగుచేసే సాఫ్రాన్ కంపెనీ కేంద్రం శంషాబాద్‌లో 2025 నవంబర్ 26న ప్రారంభమైంది. 2035 నాటికి ఏటా 300 ఇంజిన్లు చూడాలన్నది దాని లక్ష్యం. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం మనిషి. ఆయన శాఖ చేయదగ్గ పని ఒకటుంది, ఖర్చు కూడా లేనిది. దేశంలో మోగిన ప్రతి ఇంజిన్ నిప్పు గంటా చివరికి ఏమని తేలిందో, నిజమైన మంటా, వేడి గాలి చీలికా, అరిగిన తీగా, విడివిడిగా ఏటా అచ్చేసి జనం ముందు పెట్టడం. ఏ క్లిప్పు ఎన్నాళ్లకు వదులవుతుందో ఆ పట్టిక చూస్తే షెడ్డులో పనిచేసే కుర్రాడికి తెలుస్తుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి ఆ షెడ్డుకు చేరిన కుర్రాడైతే, తొడుగు తెరిచి తీగ పొడవునా వేలు పోనిచ్చేటప్పుడు పాకలో గడ్డిలోకి దూరిన చెయ్యి గుర్తు రావచ్చు.