ప్రశ్నపత్రంలోని రోగి

వైద్యవిద్యార్థులు పరీక్షలకు చదివే తీరును ఎవరైనా విమర్శిస్తే, "ఆ పోటీ మీకేం తెలుసు?" అన్న ఎదురుప్రశ్న సిద్ధంగా ఉంటుంది. పోటీ సంగతి తెలియనిదెవరికి? 2 లక్షలకు పైగా అభ్యర్థులు, 200 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నీట్ పీజీ కోసం నిద్రాహారాలు మాని చదివే పిల్లల శ్రమను తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. అయితే రివిజన్ పేరుతో వాళ్ళు నెలల తరబడి వల్లె వేస్తున్నది క్లినికల్ మెడిసిన్ కాదని మాత్రం నిస్సంకోచంగా చెప్పదలచుకున్నాను.

ప్రశ్నపత్రంలో రోగి ఎలా కనిపిస్తాడో గమనించండి. యాభై అయిదేళ్ళ పురుషుడు. శ్రమపడితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు, మెడలో ఉబ్బిన సిరలు. వ్యాధి పేరును కింది నాలుగింటిలో గుర్తించండి. ఈ ప్రశ్న తయారుచేసిన ఆచార్యుడు అప్పటికే రోగితో మాట్లాడేశాడు. రోగి చెప్పిన పది సంగతుల్లో అక్కరకురాని ఆరింటిని వడగట్టేశాడు. మెడ చూశాడు, కాళ్ళు నొక్కి చూశాడు. వైద్యుడి పనిలో కష్టతరమైన భాగమంతా ఆయనే పూర్తిచేసి, మిగిలిన కాస్తా విద్యార్థికి వదిలాడు. ఇటువంటి ప్రశ్నలు ఇరవై వేలు సాధన చేసినా, ఆ మొదటి భాగం ఒక్కసారి కూడా సాధన చేసినట్టు కాదు.

ఆస్పత్రికి వచ్చే మనిషి ఇలా వడగట్టుకుని రాడు. "కళ్ళు తిరుగుతున్నయి సారూ" అంటాడు. చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నాయా? లేచి నిలబడగానే చీకట్లు కమ్ముతున్నాయా? నడకలో తూలుతున్నాడా? లేక ఉత్త నీరసమా? మొదటిదయితే లోపలి చెవినో చిన్నమెదడునో అనుమానించాలి. రెండోదయితే రక్తపోటు, గుండె లయ చూడాలి. "ఆయాసం" అనే మాట ఒకరి నోట ఊపిరందకపోవడం, మరొకరి నోట వట్టి అలసట. తెలంగాణ పల్లెల్లో అదే ఊపిరి బాధ "దమ్ము" అవుతుంది. "గ్యాసు పట్టేసింది" అంటూ రొమ్ము మీద చెయ్యి వేసుకున్నవాడికి వచ్చింది గుండెపోటు కావచ్చు. చదువంతా ఇంగ్లీషులో, రోగమంతా తెలుగులో! ఈ రెంటి మధ్యా దారి వేసుకోవలసిన చోటు రోగి మంచం పక్కన తప్ప మరొకటి లేదు. ఏ కోచింగ్ సంస్థ ఈ పాఠాన్ని ఏ ధరకు అమ్మగలదు?

చెవికీ చేతికీ కావలసిన సాధన మాటేమిటి? మైట్రల్ స్టెనోసిస్ లక్షణాలు ఫైనలియర్ విద్యార్థి గడగడా అప్పజెబుతాడు. రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమని, ఊపిరి వదిలి బిగబట్టమని, స్టెతస్కోప్ బెల్‌ను గుండె కొస మీద తేలికగా ఆనించి ఆ లోగొంతు మర్మర్‌ను స్వయంగా విన్నవాళ్ళు ఎందరు? లేనెక్ 1816లో ప్యారిస్‌లో స్టెతస్కోప్ కనిపెట్టాడన్నది పరీక్షలో అడగదగిన విషయం; దాన్ని చెవిలో పెట్టుకుంటే వినిపించేది మాత్రం అడగరు. నాడి చూసేటప్పుడు నిండు నిమిషం లెక్కపెట్టాలని మొదట్లోనే నేర్పుతారు. నీట్ పీజీలో ఇంచుమించు ఆ నిమిషంలోనే రోగి సంగతి తేల్చేసి తరవాతి ప్రశ్నకు పోవాలి.

దీని పర్యవసానం మార్కుల జాబితాతో ఆగదు. పురుగుమందు తాగిన రైతును రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి తెస్తారు. అట్రోపిన్ ఇవ్వాలన్నది అందరికీ కంఠస్థమే. కానీ ఎంతసేపు, ఎంతెంత ఇస్తూ పోవాలన్నది తేల్చడానికి మాటిమాటికీ రొమ్ము మీద స్టెతస్కోప్ పెట్టి, లోపలి గురగుర తగ్గిందో లేదో వినాలి. ఆ శబ్దం ఎరగని డాక్టరుకు మోతాదు తెలిసి ఏం లాభం?

నేరం పిల్లలదని నేననను. పన్నెండు నెలల హౌస్ సర్జన్సీ వాళ్ళకు నేర్పడానికి ఉద్దేశించినది. దాన్ని రక్తం గొట్టాలు ల్యాబుకు మోయడానికీ, రిపోర్టులు తేవడానికీ ఖర్చుపెట్టే ఆస్పత్రులున్నంతకాలం, దొరికిన గంటలో కుర్రవాడు వార్డు వదిలి వీడియో పాఠాన్ని రెట్టింపు వేగంతో వింటాడు. కాలేజీ ప్రాక్టికల్స్‌లోనూ ఏముంది? ఏటా లాంగ్ కేసుగా వచ్చి కూర్చునే రోగికి తన జబ్బు పేరు విద్యార్థి కన్నా బాగా వచ్చు.

"లక్షల మందికి మంచం పక్కన పరీక్ష పెట్టగలమా? వైవాలో సిఫారసులు చెల్లవా?" అంటారు. సిఫారసుల భయం నిజమైనదే. దానికి విరుగుడుగానే 1975లో డండీలో రోనాల్డ్ హార్డెన్ ఆస్కీ పద్ధతిని ప్రవేశపెట్టాడు. అందరికీ అవే స్టేషన్లు, అదే మార్కుల పట్టిక. బ్రిటన్‌లో ఎం.ఆర్.సి.పి. అభ్యర్థులు 2001 నుంచి పేసెస్ పరీక్షలో నిజమైన రోగులను పరీక్షించి చూపుతున్నారు. మన నెక్స్ట్ పరీక్షకు 2019 చట్టం పునాది వేసింది. 2023 జులైలో దాన్ని వాయిదా వేశారు. ఆ ప్రణాళికలో కూడా ర్యాంకు ప్రశ్నపత్రానిదే, రోగి ఎదుట పెట్టే పరీక్ష కేవలం గట్టెక్కడానికి. ఇక ప్రతిభ కొలబద్ద అంటారా? సీట్లు నింపడానికి 2023 సెప్టెంబరులో అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించినప్పుడే ఆ కొలబద్ద విలువ బయటపడింది.

నా కోరిక పెద్దదేమీ కాదు. వార్డులో విద్యార్థి స్వయంగా చూసి రాసిన కేసులకు ర్యాంకులో వాటా ఇవ్వండి. అంతవరకు, చదువుకునే పిల్లలకు ఒక మనవి: రోజుకొక్క రోగి దగ్గర అరగంట కూర్చోండి. ఆయన మాటలను ఆయన తెలుగులోనే రాసుకోండి. రిపోర్టులు తెరవకముందే పరీక్షించి, మూడు వ్యాధుల పేర్లు కాగితం మీద పెట్టండి. ఆ రాత్రికి పుస్తకం తెరవండి. అప్పుడు చదివింది పరీక్షదాకా గుర్తుంటుంది, పరీక్ష తరవాత కూడా మిగులుతుంది. రేపు మీ ఎదుటికొచ్చి "కళ్ళు తిరుగుతున్నయి" అనే మనిషి చేతిలో నాలుగు జవాబుల చీటీ ఉండదు.