చేదు ఒక్కటే బీరు కాదు

షడ్రుచులలో చేదుకు తెలుగువారు ఇచ్చిన గౌరవం చిన్నది కాదు. వేపపువ్వు లేనిదే అది ఉగాది పచ్చడి అనిపించుకోదు. అయితే ఆ పచ్చడిలో వేపపువ్వుకు తోడుగా కొత్త బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, కారం ఉంటాయి. కాకరకాయ కూరలోనూ అంతే. ముక్కలకు ఉప్పు రాసి పిండడం, పులుసులో ఉడికించడం, బెల్లం వేయడం మొదలైనవన్నీ చేదును పూర్తిగా తొలగించడానికి కాక, మిగిలిన రుచుల నడుమ దానిని దాని స్థానంలో నిలపడానికి ఏర్పడిన పద్ధతులు.

అమెరికాలోని చిన్న బీరు తయారీశాలలకు తొలిసారి వెళ్లిన తెలుగు యువకునికి ఈ పొందిక తరచు కనిపించదు. సహోద్యోగులు ముచ్చటపడి తెప్పించే మొదటి గ్లాసు ఇండియా పేల్ ఏల్, అనగా ఐ.పి.ఎ., కావడానికే అవకాశం ఎక్కువ. ఒక గుక్క తాగి అతడు మొహం చిట్లిస్తే, 'అలవాటైతే అదే నచ్చుతుంది' అన్న ఉపదేశం సిద్ధంగా ఉంటుంది. అప్పుడతడు రెండు నిర్ణయాలలో ఏదో ఒకదానికి వస్తాడు. బీరు తనకు పడదనుకోవడం మొదటిది. తన నాలుకకే సంస్కారం చాలదనుకొని, నచ్చనిదానిని మొహమాటానికి మింగడం రెండవది. రసాయన శాస్త్రం దృష్ట్యా ఈ రెండూ పొరపాటే. హాప్స్ చేదును ఓర్చుకోగలగడం రుచిజ్ఞానానికి కొలమానం కాదు. ఆ చేదు బీరు కుటుంబంలోని కొన్ని శాఖల లక్షణం మాత్రమే.

తాగనివారిని తాగమని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వద్దనుకున్నవారు ఎవరికీ సంజాయిషీ చెప్పనవసరం లేదు. తాగదలచినవారు మాత్రం తమకు నచ్చేదేదో తెలుసుకొని, కొద్దిగా తాగడం మేలు.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

నీరు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ అనగా మాల్టు, హాప్స్, ఈస్టు - సాధారణంగా బీరుకు ఇవి నాలుగే మూలద్రవ్యాలు. హాప్ అనేది గంజాయి కుటుంబానికి చెందిన ఎగబాకే మొక్క. అయితే గంజాయిలోని మత్తుపదార్థం దీనిలో లేదు. ఆడమొక్క పూగుత్తులలో పసుపుపచ్చని పుప్పొడివంటి పదార్థం ఒకటి ఉంటుంది. బీరు తయారీదారునికి కావలసినదంతా అందులోనే ఉంది. దానిలో ముఖ్యమైనవి రెండు: ఆల్ఫా ఆమ్లాలనబడే రెసిన్లు, సువాసననిచ్చే నూనెలు.

ఈ రెండింటి స్వభావాలు పరస్పర విరుద్ధాలు. ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు; ఉన్నవి ఉన్నట్లుగా వాటికి చేదు కూడా స్వల్పమే. మాల్టు కషాయంలో వేసి గంటసేపు మరిగిస్తే వాటి అణువులలోని పరమాణువులు అవే ఉండి అమరిక మాత్రం మారుతుంది. అలా ఏర్పడిన ఐసో ఆల్ఫా ఆమ్లాలు కరుగుతాయి, గట్టిగా చేదుగా ఉంటాయి. నూనెల సంగతి ఇందుకు భిన్నం. మరిగేకొద్దీ అవి ఆవిరితోపాటు వెళ్లిపోతాయి. కాబట్టి హాప్స్‌ను మరగడం ఆరంభంలో వేస్తే చేదు వస్తుంది. పొయ్యి ఆర్పే ముందో, బీరు చల్లారి పులిసే దశలోనో వేస్తే సువాసన వస్తుంది. పోపును ఎప్పుడు వేయాలో తెలిసిన ఇల్లాలికి ఈ సూక్ష్మం వివరించనక్కరలేదు. హాప్ చేదు వేరు, హాప్ సువాసన వేరు. మొదటిది గిట్టనివారికి రెండవది కూడా గిట్టదని ముందుగా తీర్మానించుకోరాదు.

అసలు హాప్స్ బీరులోకి వచ్చింది రుచికోసం మాత్రమే కాదు. వాటికి ముందు ఐరోపాలో రకరకాల అడవి మూలికలతో బీరును పరిమళింపజేసేవారు. హాప్స్ వేసిన పానీయం త్వరగా చెడిపోదన్న విషయాన్ని 12వ శతాబ్దంలోనే జర్మనీకి చెందిన సన్యాసిని హిల్డెగార్డ్ గ్రంథస్థం చేసింది. 1516 నాటి బవేరియా శాసనం బార్లీ, హాప్స్, నీరు తప్ప వేరేవి వాడరాదన్నది. ఐసో ఆల్ఫా ఆమ్లాలు పులుపుపుట్టించే లాక్టిక్ బాక్టీరియాను అణచివేస్తాయని తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి. ఆ కాపలా పనిలో ఎక్కువ భాగాన్ని నేడు శీతలీకరణం, తుప్పుపట్టని ఉక్కు పాత్రలు, శుభ్రత నిర్వహిస్తున్నాయి. చేదు ఎంత ఉండాలన్నది ఇప్పుడు చాలావరకు అభిరుచికి సంబంధించిన ప్రశ్న.

మరి అమెరికాలో అభిరుచి అటువైపే ఎందుకు మొగ్గింది? 1970లలో ఆ దేశపు విపణిని ఏలినవి పెద్ద సంస్థల పల్చని లేగర్ బీర్లు. 1972లో కాస్కేడ్ అనే సువాసనగల హాప్ రకం విడుదలైంది. 1979లో ఇంట బీరు తయారుచేసుకోవడానికి సమాఖ్య చట్టం అనుమతి అమలులోకి వచ్చింది. అప్పటికి నూరు కూడా లేని తయారీశాలలు 2020ల నాటికి తొమ్మిది వేలు దాటాయి. చప్పిడి బీరు మీద విసుగుతో బయలుదేరినవారు హాప్స్‌నే తమ ప్రత్యేకతగా చాటుకోవడం సహజం. క్రమంగా అది పోటీగా మారి, సీసాల మీద చేదు ప్రమాణాన్ని మూడంకెలలో ముద్రించి గొప్పగా చెప్పుకొనేదాకా వెళ్లింది.

నాలుకలన్నీ ఒకటి కావు

మనిషిలో చేదును పసిగట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలు. తీపికి ఇంత వైవిధ్యం లేదు. మొక్కలలోని విషాలు అనేకం చేదుగా ఉండడమే దీనికి కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. పసిబిడ్డ నాలుకపై చేదు తగిలితే మొహం ముడుచుకోవడం ఎవరూ నేర్పిన విద్య కాదు.

1931లో డ్యూపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినైల్ థయోకార్బమైడ్ అనే చూర్ణాన్ని సీసాలోకి పోస్తుండగా కొంత గాలిలోకి ఎగిరింది. పక్కనున్న సహచరుడు అది భరించరాని చేదన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ తేడా వంశపారంపర్యమని త్వరలోనే తేలింది. దానికి మూలమైన జన్యువును 2003లో గుర్తించారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. హాప్ ఆమ్లాలను పసిగట్టేవి ప్రధానంగా వేరే మూడు గ్రాహకాలు. కనుక ఫాక్స్ చూర్ణం అద్దిన కాగితాన్ని నాలుకపై పెట్టుకొని తమకు ఐ.పి.ఎ. నచ్చుతుందో లేదో తేల్చుకోజూడడం తొందరపాటు. ఆ ప్రయోగం నేర్పే పాఠం వేరు: ఇద్దరు ఒకే పాత్ర ముందు కూర్చున్నంత మాత్రాన ఇద్దరూ ఒకే రుచిని పొందుతున్నారనుకోరాదు.

అలవాటు పాత్రను కాదనలేము. కాఫీ డికాక్షన్ తొలిరోజునే ఎవరికీ అమృతం కాదు. కాని అలవాటు చేసుకోవడం ఒకరి ఇష్టం. దానిని అర్హతా పరీక్షగా మార్చడం మరొకరి దబాయింపు.

అంకె చెప్పేదీ, చెప్పనిదీ

తయారీశాలల పట్టికలలో బీరు పేరు పక్కన ఐ.బి.యు. అనే అంకె కనిపిస్తుంది. అది చేదుకు అంతర్జాతీయ ప్రమాణం. స్థూలంగా ఒక యూనిట్ అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం. ఆమ్లీకరించిన బీరును ఐసో ఆక్టేన్‌తో కలిపి కుదిపి, ఆ ద్రావణంలోకి వచ్చిన పదార్థం 275 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత శోషిస్తుందో కొలిచి, ఆ విలువను 50తో గుణిస్తారు. పద్ధతి సులువు. కాని ఆ కాంతిని శోషించేవి చేదు ఆమ్లాలు మాత్రమే కావు. పులిసే దశలో విస్తారంగా హాప్స్ వేసిన బీర్లలో అంతగా చేదులేని ఇతర పదార్థాలు కూడా లెక్కలోకి వచ్చి అంకెను పెంచుతాయి.

అంతకు మించిన లోపం మరొకటి ఉంది. ఆ అంకె తీపి సంగతి చెప్పదు. ఇంగ్లీషు బార్లీవైన్‌కు 35 నుంచి 70 యూనిట్లు ఉండవచ్చు; జర్మన్ పిల్స్‌నర్‌కు 22 నుంచి 40. అయినా చిక్కని మాల్టు తీపి వెనుక మొదటిదాని చేదు ఒదిగిపోతుంది; రెండవదానిలో ఆ తెర లేనందున స్పష్టంగా బయటపడుతుంది. కాకరకాయలో బెల్లం చేసే పని ఇదే. నీటిలో సల్ఫేట్లు ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది, క్లోరైడ్లు ఎక్కువైతే మెత్తబడుతుంది. రంగు కూడా నమ్మదగిన గుర్తు కాదు. నల్లని మ్యూనిక్ డుంకెల్ మృదువుగా ఉంటుంది, బంగారువన్నె ఐ.పి.ఎ. నాలుకను పట్టుకుంటుంది. తక్కువ అంకె మంచి సూచనే కాని, అదొక్కటే చాలదు.

చేదు గిట్టనివారి దారులు

మొదటి దారి గోధుమ బీర్లది. దక్షిణ జర్మనీ హెఫెవైజన్‌లో చేదు 8 నుంచి 15 యూనిట్లే. దానిలోని అరటిపండు వాసన ఐసోఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టరుది. లవంగపు వాసన 4-వినైల్ గ్వయకాల్‌ది. అరటిపండూ లవంగమూ వేయకుండానే ఈస్టు తన కిణ్వప్రక్రియలో ఈ రెండింటినీ తయారుచేస్తుంది. బెల్జియం విట్‌బియర్‌లో ధనియాలు, నారింజ తొక్క పడతాయి. ధనియాల వాసన ఎరిగిన తెలుగువారికి అది కొత్త ఊరిలో పాత చుట్టం.

రెండవది మాల్టు దారి. డుంకెల్, స్కాటిష్ ఏల్, ఇంగ్లీషు మైల్డ్, డొప్పెల్‌బాక్ ఈ కోవలోవి. మాల్టును వేడిచేసినప్పుడు చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ జరిగే మయ్యార్ చర్య వీటికి కాల్చిన రొట్టె, పాకం వంటి రుచులనిస్తుంది. మిల్క్ స్టౌట్‌లో లాక్టోజ్ అనే పాల చక్కెర చేరుస్తారు. బీరు ఈస్టు దానిని పులియబెట్టలేదు కనుక ఆ తీపి మిగిలిపోతుంది. పాలు పడనివారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మరో హెచ్చరిక: చేదు తక్కువంటే ఆల్కహాలు తక్కువని అర్థం కాదు. డొప్పెల్‌బాక్‌లో అది 7 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. తీయగా జారిపోయే ఆ గ్లాసు లెక్క తప్పించడం తేలిక.

మూడవది పులుపు దారి. బెర్లినర్ వైసలో చేదు 3 నుంచి 8 యూనిట్లు, ఆల్కహాలు 4 శాతంలోపు. లాక్టిక్ బాక్టీరియా ఇచ్చే పులుపే దాని ప్రాణం. గోజలో దానికి తోడు ఉప్పు, ధనియాలు కూడా ఉంటాయి. తెల్లవారుజామున తీయగా ఉండి పొద్దెక్కేకొద్దీ పులిసే తాటికల్లు, ఈతకల్లు ఎరిగినవారికి ఈ మార్గం అపరిచితం కాదు. అక్కడా ఈస్టు, బాక్టీరియాల జంట కృషే. హాప్స్ ప్రసక్తే లేదు.

ఈ మూడు దారులూ నడిచినవారు చివరకు హాప్ సువాసనను కూడా పరీక్షించదలిస్తే వెర్మాంట్ ప్రాంతంలో రూపుదిద్దుకొన్న మబ్బురంగు ఐ.పి.ఎ.లు ఉన్నాయి. వాటిలో హాప్స్ ఎక్కువ భాగం మరుగు ముగిశాక పడతాయి. ఓట్లు, గోధుమలు నునుపునిస్తాయి. చేదు ఉంటుంది గాని, పండ్ల సువాసన ముందు నిలుస్తుంది. ఏది రుచి చూసినా నిండు గ్లాసుకు బదులు నాలుగైదు ఔన్సుల చిన్న గ్లాసులు అడగడం, తక్కువ చేదు నుంచి ఎక్కువకు వెళ్లడం వివేకం. బలమైన ఐ.పి.ఎ. తరువాత తాగిన గోధుమ బీరు మంచినీళ్లలా తోచి, పరీక్ష వ్యర్థమవుతుంది.

అడిగేవారు ఉండాలి

చేదు బీరుకు వెన్నెముక అనీ, అది లేకపోతే పానీయం పాకమై వెగటు పుట్టిస్తుందనీ హాప్స్ అభిమానులు వాదిస్తారు. ఇందులో నిజముంది. పైన పేర్కొన్న మాల్టు బీర్లలో కూడా కొంత చేదు కావాలనే ఉంచుతారు. కాని వెన్నెముక అవసరమన్నంత మాత్రాన దేహమంతా ఎముకే కావాలనడం సమంజసం కాదు. పట్టికలో పన్నెండు రకాలుండగా ఎనిమిది ఐ.పి.ఎ.లే అయితే, దానిని వైవిధ్యమనడం కష్టం.

ఒక రుచిని అడిగేవారు లేకపోతే అది అంతరించిపోతుందనడానికి చరిత్రలో నిదర్శనాలున్నాయి. బెల్జియంలోని హూగార్డెన్ గ్రామంలో విట్‌బియర్ తయారీ 1950లలో ఆగిపోయింది. పియెర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో దానిని పునరుద్ధరించాడు. 1992లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో కూడా తయారీశాల తెరిచాడు. లైప్‌జిగ్ గోజ 1966లో నిలిచిపోయి 1980లలో తిరిగి ప్రాణం పోసుకొంది. ఈ రెండూ నేడు అమెరికాలో దొరుకుతున్నాయంటే, చేదు కాని బీరును కోరినవారు ఉండబట్టే.

అందువల్ల చేదు గిట్టనివారు మౌనంగా తప్పుకోవడం వారికీ, బీరు కళకూ కూడా నష్టం. 'ఇక్కడ మాల్టు రుచి ప్రధానమైనది ఏది? పుల్లనిది ఏది? గోధుమది ఏది?' అని అడిగే హక్కు వారికుంది. తయారీదారులు కూడా ఐ.బి.యు. అంకెతో సరిపెట్టక, తీపి, పులుపు, చేదులలో ఏది ముందుంటుందో ఒక్క వాక్యంలో రాస్తే ఎంతో మేలు. ఇక స్నేహితుని ముందు గ్లాసు పెట్టేవారు, అతడు మొహం చిట్లించినప్పుడు ఉపదేశం మాని మరో గ్లాసు అడగడం, లేదా మంచినీళ్లు తెప్పించడం అసలైన మర్యాద.